కాళ్ళకు ఈకలు

హాలిఫాక్స్‌లో వాన ఆగిందని ఎవరూ అనరు,
కాసేపు ఊపిరి తీసుకుంటోందంటారు.
అలాంటి ఒక సందులో
బేసిన్‌లో గోరువెచ్చటి నీళ్ళు పోసుకుని
వంటింటి గడప మీద కూర్చుని
కోడి కాళ్ళు కడుగుతున్నాను.

పెకిన్ కోడి. దోసిలి పడితే
కాస్త బయటికి పొంగేంత ప్రాణం.
గోళ్ళ దాకా ఈకలే.
పాదాలు కనపడకుండా కుచ్చిళ్ళు దించి కట్టుకున్న
పెద్దింటి ఆవిడలా బురదలో నడిచి
ఆ బురదనంతా ఇంటికి తెస్తుంది.
కడిగాక నా హెయిర్ డ్రయ్యరే దానికీ.
వేడి గాలి తగలగానే కళ్ళు మూసుకుంటుంది.

మూడున్నాయి.
బూడిద రంగుది విభూతి. నల్లది కాటుక.
ఇదిగో, ఈ తన్నుకుంటున్నది బెల్లం.
పక్కింటి విన్నీ ఆక్రాయిడ్‌కి నోరు తిరగక
"బెలమ్మా" అంటుంది గోడ మీంచి.
నేను పిలిస్తే రాదు గానీ
ఆ పిలుపుకి లంగా ఎత్తి పరుగెడుతుంది.

మా ఆయన వల్లభరావు లెక్కల మనిషి.
గూటికి ఇంత, దాణాకి ఇంత, పేలమందుకి ఇంత,
"ఒక్కో గుడ్డూ రెండు పౌన్ల నలభై పెన్నీలు పడుతోంది,
అదీ నిమ్మకాయంత."
కోడిగుడ్డు మీద ఈకలు పీకడమంటే ఏమిటో
పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళకి
అసలు గుడ్డునే ఎదురుగా పెట్టుకుని చూశాను.
అర్ధరాత్రి టార్చి పట్టుకుని గూటి గడియ చూసొచ్చేదీ ఆయనే.
నక్క పేరెత్తితే చాలు, చెప్పులు వెతుక్కుంటాడు.

నిరుడు ఏప్రిల్‌లో బెల్లం పొదగడానికి కూర్చుంది.
కింద గుడ్డు లేదు.
గుడ్డు ఎక్కడ పెట్టాలో తెలియడానికని
నేనుంచిన గోల్ఫ్ బంతి ఉంది.
రొమ్ము మీది ఈకలు తనే పీక్కుని
ఆ బంతికి పరుపు వేసింది.
తిండి లేదు. చేయి పెడితే పాములా బుస్సుమంది.
అడుగున గాలాడే తీగల బోనులో మూడు రోజులుంచితే
మర్చిపోతుందన్నారు.
ఉంచాను. ఒక్క రాత్రి.
ఆ రాత్రి ఆసుపత్రి ల్యాబులో
నెత్తురు గొట్టాలకు పేర్లు అంటిస్తూ
ఎవరి పేరు ఎవరికి అంటించానో అని
మళ్ళీ మళ్ళీ వెనక్కి చూసుకున్నాను.
తెల్లారి వచ్చి బోను తీస్తే
నా మొహమైనా చూడకుండా
తిన్నగా వెళ్ళి బంతి మీద కూర్చుంది.

సరేనని
ఎలాండ్‌లో ఒకాయన దగ్గర నాలుగు గుడ్లు తెచ్చి పెట్టాను.
మూడు మురిగిపోయాయి.
ఇరవయ్యో రోజు ఒకటి పగిలింది.

సెప్టెంబరులో అది కూసింది.
కూతా కాదు, తుప్పు పట్టిన గేటు.
నా కోడి కూయకపోతే తెల్లవారదా అనుకునే వాళ్ళని చూసి నవ్వేవాళ్ళం.
ఈ వీధిలో కోడి కూసి తెల్లవారడమే నేరం.
నాలుగో నంబరు వాళ్ళు బేకరీలో రాత్రి పని చేస్తారు.
మర్యాదగా చీటీ రాశారు,
చివర్లో చిన్న నవ్వు మొహం కూడా గీశారు.
ఆ నవ్వుకి నా దగ్గర జవాబు లేకపోయింది.

వల్లభరావు దాన్ని అట్టపెట్టెలో పెట్టుకుని
ఎలాండ్ ఆయనకే ఇచ్చొచ్చాడు.
దానికి పేరే పెట్టలేదని
తిరిగొస్తుంటే బస్సులో గుర్తొచ్చిందట.
ఆ రోజు ఏ లెక్కా చెప్పలేదు.

బెల్లం వెతుకుతుందేమోనని చూశాను.
దానికప్పటికే అది బిడ్డ కాదు,
గింజల దగ్గర అడ్డమొచ్చే ఒకడు.
దిగులు పడే పని నాకొదిలేసి
వానపామునొకదాన్ని సాగదీసుకుంటోంది.

మళ్ళీ ఏప్రిల్.
ఈ పొద్దున డ్యూటీ దిగి,
బస్టాపు చలి వేళ్ళలో అలాగే ఉండగా,
గూటి మూత ఎత్తాను.
కూర్చుని ఉంది. బంతి మీద.
బలవంతంగా దించి, నాలుగు గింజలు తినిపించి,
ఇదిగో, కాళ్ళు కడిగి ఆరబెట్టాను.
వదలగానే మళ్ళీ అక్కడికే.

వంగి దాని కింద చేయి పెట్టాను,
బంతి తీసేద్దామనే.
ఎంత వేడి, అక్కడ.
పొడిచింది. ఇంకోసారి పొడిచింది.
వాన మొదలైంది.
చేయి ఇంకా లోపలే ఉంది.